ఎవరి యన్నము? — జూదమును గూర్చి యొక యుపన్యాసము



ధర్మపురి పేరు వినినంతనే మనకు గోదావరీతీరమును, లక్ష్మీనరసింహస్వామి యాలయమును, శేషప్పకవి రచించిన నరసింహశతకమును జ్ఞప్తికి వచ్చును. ఆ యాలయ ప్రాంగణముననే యమధర్మరాజునకును గుడి కలదు. మానవుల పుణ్యపాపముల లెక్క చూచువానికి గుడి కట్టిన యూళ్లు మన దేశమున మిక్కిలి యరుదు. ధర్మము పేరనే వెలసిన యాయూరిలో, లెక్క యడుగు దేవునికి దీపము పెట్టు చోట, ఇటీవల నొక స్త్రీ మమ్మొక ప్రశ్న యడిగెను. ఇరువది యేండ్లుగా న్యాయవాదవృత్తిలో నుండి, ప్రశ్నకు ప్రతిప్రశ్న వేయుటలో నారితేరిన మాకు నాడు నోట మాట రాలేదు. నేటి యీ యుపన్యాసమంతయు నామెకు మేము బాకీపడిన యుత్తరమే.

ఆమె క్రైస్తవ కుటుంబములోనిది. బీడీలు చుట్టి జీవించును. ఉత్తర తెలంగాణమున నీ పనిని మీరందఱు నెఱుగుదురు. తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, చుట్టి, దారము కట్టి, వేయి బీడీలకింత యని కూలి పుచ్చుకొందురు. పెనిమిటి గల్ఫు దేశమున కొన్నియేండ్లు ఎండలో పాటుపడి తిరిగివచ్చినవాడు. వచ్చిన పిదప రాత్రులయందు సెల్‌ఫోనులో పేకాట మరిగినాడు. మొదట చేతనున్న సొమ్ము పోయెను. తరువాత నామె కమ్మలు తాకట్టునకు పోయెను. అటుపిమ్మట కూతురి కళాశాల రుసుమునకై దాచినది పోయెను. ఐనను ఆమె మా యొద్దకు విడాకులు కోరి రాలేదు. దావా వేయింపుమనియు రాలేదు. ఆమె యడిగినది వేఱు.

“సారూ, జూదం ఆడొద్దని బైబిల్ల యాడ రాసున్నదో చూపియ్యి, చూపిస్తే మానేస్త అంటున్నడు. నాకు చదువు రాదు. మీరు జర చూపిస్తరా?” అని యామె యడిగెను.

మేము క్రైస్తవ సంఘమున చేరినవారము కాము. కాని యేసు చేసిన యుపదేశమును భక్తితో చదువువారము. ఆ రాత్రి గ్రంథమును మొదటినుండి తుదివఱకు వెదకితిమి. సత్యము దాచుట ధర్మము కాదు గనుక చెప్పుచున్నాము: నరహత్య చేయవలదని కలదు, దొంగిలవలదని కలదు, కూటసాక్ష్యము చెప్పవలదని కలదు, జూదమాడవలదని మాత్రము ఆ మాటలతో నెక్కడను లేదు. ఆమె పెనిమిటి సెక్షను నంబరు చూపుమని యడుగుచున్నాడు. అతడు మా వృత్తిలోనికి రాదగినవాడు! కాబట్టి మొదట మా వృత్తిధోరణినే యనుసరించి, చట్టము జూదమును గూర్చి యేమి చెప్పినదో విచారించి, అటుపిమ్మట సువార్తయొద్దకు పోదము.

జూదవిషయమున మన న్యాయస్థానములు చిరకాలముగా నడుగుచు వచ్చిన ప్రశ్న యొక్కటే. ఈ యాటలో నెగ్గునది నేర్పా, యదృష్టమా? నైజాము ప్రభుత్వము 1305 ఫసలీలో, అనగా క్రీస్తుశకము 1895-96 ప్రాంతమున, హైదరాబాదు సంస్థానమునకు జూదమును గూర్చి చట్టము చేసినది. నాడు ధర్మపురియు నా సంస్థానములోనిదే. స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1963లో సికింద్రాబాదునందలి యొక క్లబ్బుపై పోలీసులు పడి, రమ్మీ యాడుచున్నవారిమీద నా చట్టము క్రిందనే నేరము మోపిరి. వ్యాజ్యము సుప్రీముకోర్టు వఱకు పోయెను. 1967 నవంబరులో నా న్యాయస్థానము తీర్పు చెప్పినది. మూడు ముక్కలాటవలె రమ్మీ కేవలము అదృష్టముపై నాధారపడునది కాదు. పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొని, పట్టవలసినదేదో పాఱవేయవలసినదేదో తెలిసికొనుటకు నేర్పు కావలయును. కావున నది ప్రధానముగా నేర్పుగల యాటయే యని దాని సారము. ఆట నడుపువారు దానినుండి లాభము తీసికొన్నచో నేరము కావచ్చునని యా తీర్పులోనే కలదు. ఆ భాగమును ఆటగాండ్రును, వారి వకీళ్లును తఱచుగా మఱచిపోవుదురు.

1974 నాటి జూదచట్టమును నేర్పుగల యాటలను విడిచిపెట్టినది. తెలంగాణ ప్రభుత్వము 2017లో నా మినహాయింపును తీసివేసి, ఫోనులయందును యంత్రములయందును పందెము కట్టి యాడు రమ్మీని సయితము నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికి నొక చట్టము చేసి, సొమ్ము పణముగా పెట్టి ఆన్‌లైనులో నాడు ఆట నేర్పుతో కూడినదైనను, అదృష్టముతో కూడినదైనను, రెండును కలిసినదైనను నడుపగూడదని శాసించినది. ఆడినవానిని శిక్షింపక, ఆడించినవానికి మూడేండ్ల వఱకు చెఱయు, కోటి రూపాయల వఱకు జుల్మానాయు విధించినది. ఆ చట్టముపై వ్యాజ్యములు న్యాయస్థానములకు వెళ్లినవి. అది వేఱు సంగతి. మేము చెప్పదలచినది యిది: 1967 నుండి 2025 వఱకు, ఏబదియెనిమిది సంవత్సరములు, నేర్పా యదృష్టమా యని యడిగి యడిగి, ఆన్‌లైను ఆటల విషయమున తుదకు చట్టమే యా ప్రశ్నను విడిచిపెట్టవలసి వచ్చినది. ఏలయనగా, ఇంట పొయ్యి వెలుగని రాత్రి బిడ్డలకు, తండ్రి సొమ్ము నేర్పు లేక పోయెనో, అదృష్టము లేక పోయెనో తెలిసికొనుటవలన నాకలి తీఱదు.

ఇక్కడ మా నేరమును మేమే యొప్పుకొనవలెను. 2017నకు పూర్వము రమ్మీ యాడి పట్టుబడిన కొందఱి పక్షమున మేము కోర్టున నిలిచితిమి. 1967 నాటి తీర్పును చదివి వినిపించితిమి. వారు విడుదలయైరి. నిందితుని పక్షమున వాదించుట తప్పు కాదు. అది మా వృత్తిధర్మము. కాని మెట్లు దిగుచున్నప్పుడు వారు మాకు నమస్కరింపగా, “మీరు చేసినదానిలో తప్పేమియు లేదు” అని నవ్వుచు చెప్పితిమి. ఆ మాట న్యాయాధిపతి యడిగినది కాదు. కక్షిదారుడు కోరినది కాదు. మా యంతట మేము ధర్మము పేర నొక యసత్యము పలికితిమి. నేరము కానిదంతయు నిర్దోషమని వారికి బోధించితిమి. ధర్మపురిలో నా స్త్రీ యెదుట మా నోరు మూతపడుటకు కారణ మిదియే.

నేర్పు జూదమును పవిత్రము చేయునా? మన మహాభారతమునే యడుగుదము. శకుని చేతిలో పాచికలు గ్రుడ్డిగా పడినవి కావు. అతడు ద్యూతవిద్యలో నారితేరినవాడు. ధర్మరాజు ఆటయందు ప్రీతి కలవాడేగాని నేర్పరి కాడు. నేటి న్యాయశాస్త్రపు తూనికలో తూచినచో, ఆ సభలో జరిగినది ముమ్మాటికి నేర్పుగల యాటయే! ఆ నేర్పువలన రాజ్యము పోయెను, తమ్ములు పోయిరి, తాను పోయెను, తుదకు ద్రౌపది సభలోనికి ఈడ్వబడెను. నలుడు నేర్పు లేక పుష్కరునకు సర్వస్వము కోలుపోయి, ఋతుపర్ణునివలన అక్షహృదయము నేర్చి, మఱల దానిని గెలిచెను. ఐనను అడవిలో దమయంతి యొంటరిగా నేడ్చిన రాత్రిని ఏ నేర్పు గెలిచి తేగలదు? ఋగ్వేదమున పదియవ మండలములోని ముప్పదినాలుగవ సూక్తము జూదరి దుఃఖమును చెప్పి, జూదము మాని పొలము దున్నుకొమ్మని హితవు గఱపును. 1957లో సుప్రీముకోర్టు జూదము వర్తకము కాదని నిర్ణయించినప్పుడు ఈ సూక్తమును, ధర్మరాజు కథను కూడ స్మరించినది. మన పూర్వులకు తెలియని సంగతి కాదిది.

ఇక సువార్తయొద్దకు పోదము. ఆమె పెనిమిటి వాదమును బలహీనముగా చెప్పి ఖండించుట న్యాయము కాదు గనుక దానికి మేమే బలము చేకూర్తుము. బైబిలునందు చీట్లు వేయుట పలుచోట్ల కనబడును. యెహోషువ కాలమున ఇశ్రాయేలీయులు చీట్లు వేసియే భూములు పంచుకొనిరి. ఓడలో తుపాను రేగినప్పుడు ఎవరి నిమిత్తమై యీ యాపద వచ్చెనో తెలిసికొనుటకు నావికులు చీట్లు వేయగా యోనా పేర చీటి వచ్చెను. యూదా ద్రోహియై పోయిన పిదప అపొస్తలులు పండ్రెండవవానిని ఏర్పఱచుకొనుటకు ఇద్దఱి పేర్లు పెట్టి, ప్రార్థించి, చీట్లు వేయగా మత్తీయ యేర్పడెను. అపొస్తలులు వేసిన చీటీ పుణ్యమై, మేము వేసిన ముక్క పాపమెట్లగును? అని యతడడుగవచ్చును.

మన గ్రామములలో అన్నదమ్ములు భూమి పంచుకొనుట చూచియున్నారు గదా. పొలమును సమభాగములుగా చేసి, చీటీలు వ్రాసి, చెంబులో వేసి, పసిబిడ్డచేత తీయింతురు. అక్కడ చీటీ చేయు పని యేమి? నీకు మంచి చెలక, నాకు రాతినేల యను పోరును అణచుట. ఎవని యాశకును చోటులేకుండ చేయుట. ఒకని భాగము మఱియొకనికి పోకుండ కాచుట. అపొస్తలులు వేసిన చీటీవలన ఎవని యన్నమును పోలేదు. ఎవని యిల్లును తాకట్టుపడలేదు. జూదపు చీటీ యిందుకు విరుద్ధము. ఇందులో అందఱు తమ భాగములను కుప్పవేసి, ఒకడు తీసికొని, తక్కినవారు వట్టిచేతులతో లేవవలెను. లోభమును అణచుటకు వేసిన చీటీయు, లోభమును పెంచుటకు వేసిన చీటీయు నొక్కటియే యనుట, వైద్యుని చేతి కత్తియు దొంగ చేతి కత్తియు నొక్కటియే యనుటవంటిది.

సోదరులారా, యేసునొద్దకు ఒకనాడు ధర్మశాస్త్రము చదివిన యొక వకీలు వచ్చెను. లూకా సువార్తలో నా కథ కలదు. దేవుని ప్రేమింపవలెననియు, పొరుగువానిని తనవలె ప్రేమింపవలెననియు శాస్త్రసారమని యతనికి తెలియును. తెలిసియు, మా వృత్తివారి యలవాటు చొప్పున, పొరుగువాడన నెవడు? అని నిర్వచనము కోరెను. ప్రభువు నిర్వచనము చెప్పలేదు. దారిలో దొంగలచే దోపబడి పడియున్న మనుష్యుని కథ చెప్పి, వాని గాయము కట్టిన సమరయుని చూపెను. అనగా, ఎంతవఱకు నా బాధ్యత యని హద్దు వెదకువానికి, పడియున్నవానిని చూడుమని యుత్తరము. క్రైస్తవధర్మము జూదమును గూర్చి చెప్పునదంతయు నీ కథలోనే యున్నదని మా విశ్వాసము. నేర్పా, యదృష్టమా? అని న్యాయశాస్త్రమడుగును. నీవు తిన్న యన్నము ఎవరిది? అని సువార్త యడుగును.

ఈ ప్రశ్నను పట్టుకొని చూడుడు. లోకమున సొమ్ము ఒకని చేతినుండి మఱియొకని చేతికి ధర్మముగా పోవుటకు మూడు మార్గములున్నవి. పనిచేసినవానికి కూలి వచ్చును. వస్తువు నిచ్చినవానికి వెల వచ్చును. ప్రేమచేత నొకడిచ్చినది దానమై వచ్చును. మూడింటను ఇచ్చినవాడును తృప్తిపడును, పుచ్చుకొన్నవాడును తృప్తిపడును. జూదములో గెలిచిన రూపాయి ఈ మూడింటిలో నేదియు కాదు. అది కూలి కాదు. నీ యాటవలన నెవరికి నేమి మేలు జరిగినది? వెల కాదు, నీవేమియు నీయలేదు. దానము కాదు; ఓడినవాడు ప్రేమతో నీకిచ్చెనా? పది యాజ్ఞలలో తుదియాజ్ఞ పొరుగువాని యిల్లుగాని, వాని కలిమిగాని యాశింపవలదని చెప్పును. జూదమాడుటకు ముందుగా ఆశింపవలసినది పొరుగువాని సొమ్మునే. అతడు పోగొట్టుకొనిన గాని నీకు రాదు. పౌలు ఎఫెసీయులకు వ్రాసినప్పుడు దొంగతనము మానినవాడు ఊరక కూర్చుండుట చాలదనియు, తన చేతులతో పనిచేసి, లేనివానికి పెట్టవలెననియు బోధించెను. సంపాదనకు హద్దు చెప్పుటయే కాక ఉద్దేశమును గూడ చెప్పినాడు.

ఈ బోధ మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. పందొమ్మిదవ శతాబ్ది తుదిలో కరీంనగరమునకు వచ్చిన మిషనరీలు జాన్ వెస్లీ మార్గమువారు. వెస్లీ 1760లో ధనవినియోగమును గూర్చి ప్రచురించిన ప్రసంగమున శక్తికొలది సంపాదించుటకు అనుమతించెను. కాని పొరుగువాని శరీరమునకుగాని, ఆత్మకుగాని, ఆస్తికిగాని చెఱుపు చేసి సంపాదింపరాదని కట్టడి చేసెను. ఆస్తికి చెఱుపు చేయు మార్గములలో జూదమును పేరుపెట్టి చెప్పెను. ఆ మార్గమువాడైన పాస్నెట్టు దొర మెదకులో 1914 నుండి పదియేండ్లు గొప్ప దేవాలయమును కట్టించెను. కఱవులో నాకలిగొన్నవారికి పని కల్పించి కూలిగా నన్నము పెట్టుట యందలి యొక యుద్దేశము. 1924 డిసెంబరు 25వ తేదీన నది ప్రతిష్ఠింపబడినది. ఆ రాళ్లు మోసినవాడు తిన్న యన్నము ఎవరిదని యడుగుడు. అది వానిదే. ఎవరినుండియు దోచినది కాదు. బిచ్చముగా వచ్చినదియు కాదు.

ఇచ్చట కొందఱు, “వ్యవసాయము మాత్రము జూదము కాదా? వాన కురియునో లేదో, పసుపునకు ధర పలుకునో లేదో యెవరికి తెలియును?” అందురు. రైతు బాధను గూర్చిన యీ మాటయందు సత్యము కలదు. కాని రైతు విత్తనము చల్లినప్పుడు, పొరుగు రైతు పంట ఎండవలెనని కోరడు. వాన కురిసిన ఇద్దఱికి కురియును. పండిన గింజ లోకమునకు క్రొత్తగా వచ్చిన యాహారము. నష్టమునకు తెగించుట పాపము కాదు. యేసు చెప్పిన తలాంతుల ఉపమానమున, భయపడి సొమ్మును భూమిలో పాతిపెట్టిన దాసుడే నిందింపబడెను. వర్తకము చేసి పెంచినవారు మెప్పు పొందిరి. జూదములో మాత్రము రాత్రియంతయు నాడినను, తెల్లవాఱునప్పటికి ఆ చాపమీద నున్న సొమ్ము ఒక్క పైస పెరుగదు. పదిమంది చేతులలోనిది ఒకని చేతికి పోవును. అందులోనుండి ఆడించువాడు తన పాలు తీసికొనును గనుక తగ్గనుకూడ తగ్గును.

“ఇష్టపడియే పందెము కట్టినారు గదా, దీనిని దోపిడి యనవచ్చునా?” యని మఱికొందఱందురు. ఇద్దఱు మనుష్యులు కత్తులు దూసి ఒకరినొకరు పొడుచుకొనుటకు ఒప్పుకొన్నంతమాత్రమున హత్య హత్య కాకపోవునా? ఓడుటకు ఒప్పుకొని యెవడును కూర్చుండడు. ప్రతివాడును ఎదుటివాడోడునని నమ్మియే కూర్చుండును. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 30వ సెక్షనులో పందెపు ఒడంబడిక చెల్లదని కలదు. గెలిచినవాడు కోర్టునకు వచ్చి నా సొమ్ము ఇప్పింపుడని యడుగజాలడు. లోకములోని న్యాయస్థానమే యెత్తి చూడనొల్లని సొమ్మును, దేవుని సన్నిధిని నాదని యెట్లు చాపుదము?

క్రైస్తవులలోను ఈ విషయమున నభిప్రాయభేదము కలదు, దానిని దాచము. మెథడిస్టు సభలు చిరకాలము లాటరీ చీటీలను సయితము తమ ప్రాంగణములోనికి రానీయలేదు. కథోలిక సభ 1992లో ప్రకటించిన ధర్మోపదేశ గ్రంథములో, పందెపుటాటలు స్వతహాగా న్యాయవిరుద్ధములు కావనియు, తనకును తనవారికిని అవసరమైనదానిని హరించినచో ధర్మవిరుద్ధములగుననియు, జూదవ్యసనము దాస్యమగు ప్రమాదము కలదనియు చెప్పినది. ఈ రెండు మతములకును నడుమ మేము తీర్పు చెప్పము. కాని కూతురి రుసుము పోయిన యింట ఈ భేదమునకు చోటేది? మెతకగా చెప్పినవారి కొలతలోనే యా పెనిమిటి దోషియగుచున్నాడు. వినోదమందురా, పులిమేక యాడుడు, పచ్చీసు ఆడుడు, ముక్కలే యాడుడు. పణము లేకుండ నాడుడు. పణము తీసివేసినంతనే రుచి పోయినచో, మీకు రుచించినది ఆట కాదు.

ధర్మపురి యున్న జగిత్యాల జిల్లాలోనే, గొల్లపల్లి మండలమునందలి లోతునూరు గ్రామమున 2021 ఫిబ్రవరిలో జరిగినది మీకు జ్ఞప్తి యుండవచ్చును. పందెమునకై యొకడు తన కోడి కాలికి కత్తి కట్టెను. కోడి బెదరి తప్పించుకొనబోగా నా కత్తి యతని తొడమూలమున తగిలి, నెత్తురు కాఱి, ఆసుపత్రి చేరకమునుపే యతడు మరణించెను. పోలీసులు కోడిని ఠాణాకు తెచ్చి, కట్టివేసి, దాణా వేసిరి. దూరదేశముల పత్రికలు సయితము దీనిని వింతవార్తగా ప్రచురింపగా లోకము నవ్వెను. మేము నవ్వలేకపోతిమి. పందెము కట్టినది కోడి కాదు. పిచ్చుక నేల వ్రాలినను పరమపిత యెఱుగునని యేసు చెప్పెను. కాలికి కత్తి కట్టబడిన ప్రాణియు నాయన సృష్టియే. మృతుని నిందించుట మా యుద్దేశము కాదు. అతని కుటుంబమునకు కలిగిన నష్టమున కెవరు లెక్క చెప్పుదురని మాత్రమే యడుగుచున్నాము. జూదమున కట్టిన కత్తి ఎవరికి తగులునో కట్టినవానికి తెలియదు.

ఐనను కోడిపందెములో నొక సంగతి కలదు. ఓడినవాని ముఖము గెలిచినవానికి కనబడును. వాడు కండువాతో మొగము తుడుచుకొని పోవుట కనబడును. ఒక్కొకప్పుడు గెలిచినవానికి సిగ్గు కలుగుటయు కలదు. ఫోనులోని జూదము ఈ సిగ్గును గూడ తీసివేసినది. ఎదుట నాడువాడెవడో తెలియదు. వాడు వరంగల్లు విద్యార్థియో, సిరిసిల్ల నేతగాడో, అప్పులలో మునిగి యా రాత్రి చావ తలచియున్నవాడో! తెరమీద నొక పేరు, ఒక బొమ్మ, అంతే. ఆమె పెనిమిటి మాతో, “నేనొకనాడు పదునొకండు వేలు గెలిచినాను” అని గర్వముగా చెప్పెను. అవి యెవరివి? అని యడిగితిమి. అతడు చాలసేపు మాట్లాడలేదు. పొరుగువాడన నెవడని వకీలు యేసు నడిగినాడు గదా. నేటి జూదయంత్రము పొరుగువాడే లేడని యుత్తరము చెప్పుచున్నది. ఇంతకంటె సువార్తకు విరుద్ధమైన మాట మఱియొకటి కలదా?

ఇప్పుడతడు కోరిన వాక్యము సంగతి. జూదమాడవలదను వాక్యము లేదని ముందే యొప్పుకొంటిమి. కాని చిత్తరువు కలదు. యేసును సిలువ వేసిన పిదప సైనికులు ఆయన వస్త్రములను నాలుగు భాగములు చేసికొనిరి. అంగీ మాత్రము కుట్టు లేక నేయబడినది గనుక, చింపుటకు మనసొప్పక, దానికై చీట్లు వేసిరి. ఇది చట్టవిరుద్ధమా? కాదు. మరణశిక్ష పొందినవాని బట్టలు శిక్ష నెఱవేర్చు సైనికులకు చెందుట నాటి యాచారము. మోసమా? అదియు కాదు, చీటీ సరిగానే వేసిరి. ఒకరి యిష్టమునకు విరుద్ధముగా నొకరు చేయలేదు. మా వృత్తివారినెవరినైన నియమించుకొన్నచో నిర్దోషులని విడిపింపవచ్చును! ఐనను రెండువేల యేండ్లుగా నా దృశ్యమును చదివిన ప్రతివాని యొడలు గగుర్పొడుచుచున్నది. ఏల? పైన నొకడు ప్రాణము విడుచుచున్నాడు. క్రింద వాని యంగీకై వీరు ఆడుచున్నారు. వారు చేసిన తప్పు చీటీ వేయుటలో లేదు. తల యెత్తి చూడకపోవుటలో నున్నది.

సోదరులారా, ప్రతి జూదమును ఏదో యొక సిలువ క్రిందనే జరుగుచున్నది. ఒకని యంగీకై, ఒకతె కమ్మలకై, ఒక పిల్ల చదువునకై చీట్లు పడుచున్నవి. తల యెత్తి చూచినవాడు ముక్క వేయలేడు. ఆమె పెనిమిటికి చూపవలసిన వాక్యమిదియే యని మాకు తోచినది.

ఇక పడినవానియెడల మనము చేయవలసినదేమి? నాలుగవ శతాబ్ది యారంభమున స్పెయినుదేశమునందలి ఎల్విరాలో కూడిన క్రైస్తవ పెద్దల సభ, పణము పెట్టి పాచికలాడిన విశ్వాసిని ప్రభువు భోజనపు బల్లనుండి దూరముంచవలెననియు, మానివేసినచో నొక యేడాదికి మఱల చేర్చుకొనవలెననియు విధించినది. ఆ కట్టడియందు కాఠిన్యమును కలదు, తలుపును కలదు. మనము తఱచుగా కాఠిన్యమును మాత్రము చేపట్టి తలుపు మూసివేయుదుము. జూదరి యని వెలివేసినవాడు జూదరుల యొద్దకే పోవును. వానికి నిద్రపట్టని రాత్రి తోడు కూర్చుండువారు కావలెను. అప్పుల లెక్క వ్రాసి, వడ్డీవ్యాపారియొద్దకు వెంటపోవువారు కావలెను. జక్కయ్య యింటికి యేసు అతిథిగా పోయిన పిదపనే యతడు అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు మఱల నిత్తునని లేచి నిలువబడెను. మొదట ఇంటికి పోవుట, తరువాత లెక్క.

మఱియొక మాట. బీదవాని జూదమును మాత్రమే నిందించుట మనలో విద్యావంతుల కలవాటు. క్లబ్బులో తెల్లబట్టలు కట్టి యాడిన వినోదమనియు, చెట్టు క్రింద చాప పఱచి యాడిన నేరమనియు చెప్పుచున్నాము. ఆ పెనిమిటికి రమ్మీ నేర్పుగల యాట యని చెప్పినదెవరు? మేమే. మావంటివారు కోర్టులలో చెప్పిన మాట క్రమముగా ఊరికి దిగి, అతని ఫోనులోనికి చేరినది. కావున మొదట లెక్క చెప్పవలసినవారము మేము. ఇకమీద నిందితుని పక్షమున మా వృత్తిధర్మమును చేయుదుము గాక. కాని చట్టము విడిచిపెట్టినదంతయు దేవుడు విడిచిపెట్టెనని యే మెట్లమీదను చెప్పము.

ఆ దంపతులను మఱల పిలిపించి, సిలువ క్రింది చీట్ల కథను మేము చదివితిమి. ఆమెకది క్రొత్త కాదు. ఏటేట శుభశుక్రవారమునాడు వినుచున్నదే. అతడును విన్నదే. కాని తానా కథలో నెక్కడ కూర్చుండియున్నాడో యంతకుముందు చూడలేదు కాబోలు. అతడు పశ్చాత్తాపమును గూర్చి పెద్దమాటలేమియు చెప్పలేదు. ఫోనులోనుండి సొమ్ము కదలించు ఖాతాను భార్య పేరనున్న ఫోనునకు మార్చుటకు మాత్రమొప్పుకొని, మా గుమాస్తా సాయముతో నా పని యప్పుడే చేయించెను. ఇది జరిగి యింకను నెల కాలేదు. అతడు మానెనని మేము చెప్పజాలము. ఆ యింట మొన్న బియ్యము కొన్నారని మాత్రము ఆమెవలన వింటిమి. ఆ యన్నము ఎవరిదో యామెకు తెలియును, అతనికిని తెలియును.

సర్వసాక్షివగు పరమేశ్వరా! కాకులకు మేత పెట్టి, గడ్డిపూవులకు వన్నె నిచ్చు తండ్రీ! మా చేతుల కష్టమును దీవింపుము. పొరుగువాని నష్టమున లాభము వెదకు బుద్ధిని మా హృదయములనుండి తొలగింపుము. మేము తినబోవు ప్రతి ముద్దయెదుట, ఇది యెవరి యన్నమని యడుగు ధైర్యము నిమ్ము. పడినవారిని లేపు చేతులను, మూయని తలుపులను మా కనుగ్రహింపుము. నీవు చూపినచోట తల యెత్తి చూచు కన్నులు మాకు దయచేయుము.

ఓం శాంతిః శాంతిః శాంతిః.